గ్రహణం విడిచేలోగా గొట్టం కలపాలి

ఇది నేను చాలా ఏళ్ల కిందటే రాసి ఉండాల్సింది. తీరిక లేక ఆగలేదు, రాయడం రాక ఆగాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా నా బొటనవేలే ఉండేది. పని మానేశాక, అరవై రెండో ఏట, మా వీధి బడిలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెబుతున్నారంటే వెళ్లి కూర్చున్నాను. అక్షరాలు పట్టుబడడానికి ఏడాది పట్టింది. మొదట్లో నేను రాసిన ‘ఠ’ చూసి టీచరమ్మ, "ఇది అక్షరమా, రోడ్డు మీద మ్యాన్‌హోలు మూతా?" అని అడిగింది. ఒత్తులు ఇప్పటికీ పూర్తిగా నా మాట వినవు.

ఈ మధ్య పంపుహౌసుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు, డిప్లొమాలు చదివినవాళ్లు, మా ఇంటికి వచ్చి అప్పట్లో పని ఎట్లా ఉండేదని అడిగారు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్ల సంగతులు ఉండవు. చేరిన రోజు మురుగు బావి జాలి దగ్గర నిలబడ్డాను, మానేసిన రోజు కూడా అక్కడే నిలబడి ఉన్నాను.

జాలి దగ్గర

మా పంపుహౌసు తిరుపతికి దిగువన, పల్లపు వీధి చివర ఉండేది. ఊరి మురుగు నేలకింద గొట్టాల్లో పల్లానికి వచ్చి ఇరవై అడుగుల లోతు బావిలో పడేది. పంపు దాన్ని ఎత్తి ఊరి బయట గడ్డి పొలాలకు తోసేది. బావిలో పడే చోట ఇనప కమ్మీల జాలి ఉంటుంది. నీళ్లు దాటిపోతాయి, చెత్త ఆగుతుంది. ఆ చెత్తను పొడుగాటి ఇనప దంతెతో పైకి లాగడం నా పని. లాగకపోతే జాలి మూసుకుపోతుంది, మూసుకుపోతే నీళ్లు వెనక్కి తంతాయి, వెనక్కి తంతే మొదట తేలేది పల్లపు వీధి స్నానాల గదుల్లో. ఆ వీధిలో మూడో ఇల్లు నాది. కాబట్టి నా పని మీద నాకున్న శ్రద్ధను చూసి మెచ్చుకున్న ఆఫీసర్లందరికీ అసలు కారణం ఇప్పుడు చెబుతున్నాను.

గోడ మీద క్యాలెండర్ నాకు పనికొచ్చేది కాదు. జాలే నా క్యాలెండర్. సీకాయ పిండి, ఆడవాళ్ల పొడుగు వెంట్రుకలు వస్తే శుక్రవారం. వాడిన తులసి మాలలు వస్తే శనివారం. అరటాకులు అడ్డం పడితే ఊళ్లో ముహూర్తాలున్నట్టు. ఒకసారి కట్టుడు పళ్ల సెట్టు వచ్చింది. కడిగి పిట్టగోడ మీద పెట్టాను. నాలుగో రోజు ఒక పెద్దాయన వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా దాన్ని తీసుకుని, కుళాయి దగ్గర ఇంకోసారి కడిగి, అక్కడే పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన పేరు అడగాలని నాకూ అనిపించలేదు.

పంపు నడిపే మెకానిక్ ఖాదర్ భాయ్. నాకన్నా పదేళ్లు పెద్ద. పంపులు రెండుండేవి. ఎప్పుడు చూసినా ఒకటి నడుస్తూ, ఒకటి విప్పి నేల మీద పరిచి ఉండేది. నడిచేదానితో ఆయన రోజూ మాట్లాడేవాడు. "ఈ పూటకి నడిచిపో తల్లీ, రేపు నీ చెల్లెలు వస్తాది" అనేవాడు. చెల్లెలు వచ్చేసరికి అక్క పడుకునేది.

ఒక్క విషయం మాత్రం నవ్వకుండా చెప్పాలి. బావిలోకి, మ్యాన్‌హోల్లోకి దిగేముందు మూతలు తెరిచి గంటలకొద్దీ గాలి పోనిచ్చేవాళ్లం. తరువాత తాడుకు లాంతరు కట్టి దించేవాళ్లం. లాంతరు ఆరిపోతే మనిషి దిగకూడదు. ఖాదర్ భాయ్ చెప్పేవాడు: "వాసన వస్తా ఉంటే భయం లేదు చెంగమ్మా. ఉన్నట్టుండి వాసన ఆగిపోయిందనుకో, అప్పుడు పరిగెత్తు." విషపు గాలి మొదట చంపేది ముక్కునే. ఆ మాట వినక, లాంతరు దించే ఓపిక లేక దిగిన ఒక మనిషిని మేము తాడుతో పైకి లాగాం. ఆయన మళ్లీ లేవలేదు. ఇప్పుడు మనుషులను దించకూడదంటున్నారు. ఆ నియమం చాలా ఆలస్యంగా వచ్చింది. ఎవరైనా "ఒక్క నిమిషమే, దిగి రా" అంటే, వాళ్లనే ముందు దిగమనండి.

ముక్కుగుడ్డ సారు, ‘గారు’ సారు

నేను చేరినప్పుడున్న ఇంజనీరును మేము ముక్కుగుడ్డ సారు అనేవాళ్లం. నెలకోసారి జీపులో వచ్చి, గేటు బయటే ముక్కుకు చేతిరుమాలు పట్టి, "అంతా బాగుందా?" అని అడిగేవాడు. ఖాదర్ భాయ్ "బాగుండాది సార్" అనేవాడు. జీపు వెనక్కి తిరిగేది. లోపల ఒక పంపు విప్పి పడి ఉందని ఆయనకు ఎప్పుడూ తెలియలేదు.

డెబ్బైల చివర్లో కాకినాడ వైపు నుంచి కొత్త ఇంజనీరు వచ్చాడు. పేరు వెంకటరత్నం. ముప్పై ఏళ్లుంటాయి. మొదటి రోజే నేరుగా జాలి దగ్గరికి వచ్చి "చెంగమ్మ గారూ" అని పిలిచాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనకెవరో ఉన్నారనుకున్నాను. నా పేరు చివర ‘గారు’ అంతవరకు ఎవరూ తగిలించలేదు.

ఆయన వచ్చింది పాత పంపుహౌసును మార్చడానికి. బావి పక్కనే కొత్త గది, అందులో పెద్ద పంపులు, అక్కడి నుంచి రోడ్డు కింద మైలు పొడవున కొత్త గొట్టాలు. తవ్వడం మొదలుపెట్టాక తెలిసింది, పాత గొట్టాలు ఎక్కడున్నాయో చూపే పటం ఆఫీసులో లేదు. "మీకేమైనా తెలుసా?" అని ఆయన నన్ను అడిగాడు. ‘గారు’ మత్తులో ఉన్న నేను ఒక హోటలు ముందు కాలితో నేల తట్టి, "ఈడ తవ్వండి సార్, కళ్లు మూసుకుని చెప్తాను" అన్నాను. నిజంగానే కళ్లు మూసుకుని చెప్పినట్టుంది. తవ్వితే తగిలింది మురుగు గొట్టం కాదు, మంచినీళ్లది. గునపం దిగగానే నీళ్లు మనిషెత్తు లేచాయి. పావుగంటలో ఆ వీధి ఆడవాళ్లంతా బిందెలతో చేరిపోయారు. నన్ను ఆశీర్వదించినవాళ్లు కూడా ఉన్నారు. ఆయన మాత్రం తడిసిన చొక్కా పిండుకుంటూ, "మీకు తెలీనప్పుడు తెలీదనండి. నేనూ అదే నేర్చుకుంటున్నాను" అన్నాడు. నాకు దొరికిన ట్రైనింగు అదే.

పుస్తకంలో గీత

ఏడాదిలో గొట్టాల వరుస పూర్తయింది. మిగిలింది ఒక్క అతుకు. కొత్త పంపు నీళ్లు పీల్చే గొట్టాన్ని బావి గోడలోంచి అడుగుకు తెచ్చి కలపాలి. ఆ రోజుల్లో ఇనప గొట్టాల సందులో జనపనార కూరి, సీసం కరిగించి పోసేవాళ్లం. కాగిన సీసానికి నీటి చుక్క తగిలిందంటే టపాకాయలా పేలి మొహం మీదికి ఎగురుతుంది. అందుకని అతుకు పొడిగా ఉండాలి. అంటే ఊరి మురుగు వచ్చే గొట్టం మూతిని ఇసుక మూటలతో కట్టేసి, బావి నీళ్లన్నీ పంపుతో తోడి ఎండబెట్టి, రెండు గంటలు అట్లా ఉంచాలి. వెనక ఊరు రెండు గంటలు ఓపిక పట్టాలి.

వెంకటరత్నం సారు ఒక పుస్తకం తెచ్చి, రోజులో ఏ గంటకు మురుగు ఎంత వస్తుందో చెప్పే గీత చూపించాడు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా ఆ గీత అడుక్కి పడుకుని ఉంది.

"ఆ టయంలోనే మూతి కట్టేద్దాం" అన్నాడు.

"వద్దు సార్. ఆ టయానికి సత్రాల్లో నీళ్లు పోసుకుంటా ఉంటారు."

"రాత్రి రెండింటికా? ఊరంతా నిద్రపోతుంది కదండీ."

"ఊరు పడుకుంటాది సార్. ఊరికి వచ్చినోళ్లు పడుకోరు. తొలి బస్సుకి కొండెక్కల్ల గదా."

ఆయన గీతనే నమ్మాడు. తప్పు పట్టను, గీత అచ్చులో ఉంది, నా మాట గాల్లో ఉంది. ఆ గీత ఏ ఊరిదో మరి, ఆ ఊళ్లో యాత్రికులు ఉండరు. రాత్రి పనికి ఆడవాళ్లను పిలవరు కాబట్టి నేను వెళ్లలేదు. తెల్లవారి లేచి కాలు కింద పెడితే చీలమండదాకా నీళ్లున్నాయి. అవి ఏం నీళ్లో చెప్పనక్కర్లేదు. గంట తిరక్కముందే ఇసుక మూటలు తీసేశారట. అతుకు పడలేదు. వీధి మాత్రం మునిగింది.

మా పక్కింటి మునెమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమ్మే చెంగమ్మా, నువ్వు దినామూ ఆడ నిలబడేది ఈ నీళ్లని మా ఇంటికి తోలేదానికా?"

"నేను చెప్పినాను మునెమ్మా, వాళ్లు ఇన్లేదు."

"ఇననోళ్ల ఇండ్లలోకి పోలేదే ఇవి. నా బియ్యం మూటలోకి వచ్చినాయి."

అప్పుడే వెంకటరత్నం సారు ప్యాంటు మడుచుకుని ఆ నీళ్లలోనే నడిచి వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి, "తప్పు నాది. చెంగమ్మ గారు వద్దన్నారు, నేను వినలేదు" అన్నాడు. ముప్పై ఇళ్లవాళ్లు ఆయన్ను తిట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ఒప్పుకున్నవాణ్ణి ఎట్లా తిట్టాలో వాళ్లకు తెలియలేదు. అందుకని మళ్లీ నన్నే తిట్టారు.

సూర్యుడికి మన బావితో ఏం పని

"మరి నీళ్లు ఎప్పుడు తగ్గుతాయో మీరే చెప్పండి" అని ఆయన అడిగాడు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటాక తగ్గుతాయి, కానీ బావి ఎండబెట్టేంత తగ్గవు. ఆలోచించి చెప్పాను.

"వచ్చే అమావాస్యకి సూర్యగ్రహణం సార్. మద్యాన్నం పడతాది. ఆ పూట పొయ్యి వెలిగించరు, గిన్నె కడగరు, స్నానం చెయ్యరు. కొండ మీద గుడి గూడా మూసేస్తారు. మూతి అప్పుడు కట్టేస్తే నేను జాలి కాడ నిద్రపోవచ్చు."

ఆయన ముఖం వెలిగింది. వెంటనే ఆరింది. "విడిచాక?"

"విడిచినాంక ఊరంతా ఒకేసారి నెత్తిన పోసుకుంటారు. పట్టిపెట్టిన నీళ్లన్నీ పారబోస్తారు. ఇండ్లు కడుగుతారు. అప్పటికి మన పని అయిపోయి ఉండల్ల."

అది ఎనభయ్యో సంవత్సరం. గ్రహణం రెండు దాటాక పట్టి ఐదు లోపల విడుస్తుంది. విడిచాక వచ్చే స్నానాల నీటికన్నా పెద్ద నీరు మా బావి ఎప్పుడూ చూసి ఉండదు. ఆ నీరు వచ్చేసరికి మూతి కట్టే ఉందంటే, ఈసారి చీలమండ దగ్గర ఆగదు, పల్లపు వీధిలో మంచమంత ఎత్తు వస్తుంది. పోయినసారి తప్పు పుస్తకానిది. ఈసారి తప్పితే, అది నాది.

సీసం పోసే ఏకాంబరం మేస్త్రి చిత్తూరు దగ్గర అరవ సరిహద్దు మనిషి. గ్రహణమనగానే చెయ్యి అడ్డం ఊపాడు.

"ఆ ఎండ తగిలితే ఒంటికి ఆగదక్కా. మా ఊళ్లో గొడ్డుని గూడా బయిట కట్టెయ్యరు."

"నువ్వు యాడ పని చేసేది? బావిలో గదా?"

"బావిలోనే."

"ఇన్నేండ్లలో సూర్యుడు ఎప్పుడన్నా మన బావిలోకి తొంగి చూసినాడా? ఆయప్ప ముక్కు మూసుకుని పక్కకి పోతాడు. ఊరు మొత్తానికి ఆ పూట నీడ పట్టున ఉండేది నువ్వొక్కడివే."

ఏకాంబరం తన ఇద్దరు కూలీలతో సహా ఒప్పుకున్నాడు. ఖాదర్ భాయ్ మాత్రం, "మాకూ గ్రహణం నమాజు ఉంటాది. సీసం కాగేలోపల కొత్త గదిలో చదువుకుంటాను" అన్నాడు.

ఈ వార్త పల్లపు వీధికి నాకన్నా ముందు చేరింది. నేను వచ్చేసరికి ఇల్లిల్లూ స్నానాల గది బొక్కలో గోనెసంచి కూరి, దాని మీద పచ్చడి రోలు ఎత్తి పెడుతున్నారు. నాకు రోషం వచ్చింది. వీధి మధ్యలో నిలబడి, "నేను చెప్తా ఉండాను గదా, నీళ్లు రావు. తీసేయండి రోళ్లు" అన్నాను.

మునెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "రోలు తీసేస్తాం లేమ్మే. నీళ్లు వస్తే ఆ బొక్క మీద నిన్ను కూసోబెట్టల్లనా?"

వీధి నవ్వింది. ఒక్క రోలు కూడా కదల్లేదు.

సాంబారు

గ్రహణం రోజు మధ్యాహ్నానికే బజారు ఖాళీ. రెండింటికి మూతి కట్టాం. ఖాదర్ భాయ్ బావి ఎండబెట్టాడు. లాంతరు దించాం, ఆరలేదు. ఏకాంబరం దిగి నార కూరడం మొదలుపెట్టాడు. నేను ముఖంలో గర్వం కనపడకుండా జాగ్రత్త పడుతున్నాను.

పావుగంట గడిచింది. ఇసుక మూటల వెనక నీళ్లు బుసకొట్టాయి. పై మూట జారింది. దాని సందులోంచి తెల్లగా, పచ్చగా ఏదో కారింది. వాసన చూస్తే ఇంగువ.

"సాంబారు" అన్నాడు ఖాదర్ భాయ్.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. విడుపు స్నానం లెక్క వేశాను గాని పట్టు స్నానం మరిచిపోయాను. గ్రహణం పట్టేటప్పుడు కూడా నియమమున్నవాళ్లు తలమీద నీళ్లు పోసుకుంటారు. గుడి మూసినందువల్ల సత్రాల్లో యాత్రికులు పనిలేక కూర్చుని ఉన్నారు, అందరూ పోసుకున్నారు. గ్రహణం పట్టిన వంట పనికిరాదని హోటళ్లవాళ్లు మిగిలిన అన్నం, సాంబారు, రసం అన్నీ ఒకేసారి గుమ్మరించారు. నా ఇంట్లో కూడా ఆ పొద్దున చారు పారబోశాను. నా చేత్తో చేసిన పని నా లెక్కలోకి రాలేదు.

"సార్, మరిచిపోయినాను. తప్పు నాది" అన్నాను.

వెంకటరత్నం సారు నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. "ఎంతసేపు వస్తుంది?" అని మాత్రం అడిగాడు.

"పట్టు స్నానాలు అయిపోతే ఆగిపోతాది. అర్ధగంట."

"మూతి విప్పండి."

ఏకాంబరాన్ని పైకి లాగి మూటలు తీశాం. మురుగు, అన్నం కలిసి ఒక్కసారిగా జాలి మీద పడ్డాయి. పాత పంపు ఏడ్చుకుంటూ నడిచింది. జాలికి అన్నం గోడలా పట్టుకుంది. నేను దంతెతో లాగుతుంటే బుట్టలు మోయడానికి చేతులు చాలలేదు. ఇంజనీరు సారు చొక్కా విప్పి కమ్మీకి తగిలించి బుట్ట ఎత్తాడు. ముప్పై బుట్టలో, నలభైయో. కాకినాడ మనిషి సాంబారు బుట్ట తల మీద పెట్టుకుని పరిగెత్తడం నేను చూశాను.

మూడు దాటాక నీళ్లు సన్నబడ్డాయి. ఆ తరువాత నిజంగానే ఆగిపోయాయి. అన్నేళ్లలో జాలి దగ్గర అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. మళ్లీ మూతి కట్టాం, మళ్లీ బావి ఎండింది. రెండు గంటల పనికి గంటన్నర మిగిలింది.

బయట వెలుతురు బూడిద రంగుకు తిరిగింది. కాకులు గూళ్లకు పోయాయి. సీసం కుంపటి మాత్రం ఎర్రగా ఉంది. ఏకాంబరం ఆ అతుకును నా పాత చీర ముక్కతో తుడిచాడు, ఊదాడు, మళ్లీ తుడిచాడు. ఖాదర్ భాయ్ నమాజు ముగించి వచ్చి తాడు పట్టుకున్నాడు. సీసం మూకుడు కిందికి దిగింది. ఒక్క ధారగా పోశాడు. చిటపట శబ్దం రాలేదు.

"పట్టింది" అని కింద నుంచి ఏకాంబరం గొంతు వచ్చింది. ఆ మాట గ్రహణానికి అన్నాడో అతుక్కు అన్నాడో అని ఎవరూ అడగలేదు.

సీసాన్ని ఉలితో దట్టించి, ఏకాంబరం పైకి వచ్చేసరికి బయట పిల్లల అరుపులు వినిపించాయి. గ్రహణం విడిచింది. మూటలు తీయడానికి నలుగురం వంగాం. ఆఖరి మూట మా చేతుల్లో ఉండగానే నీళ్లు వచ్చాయి. ముందు దర్భపుల్లలు, తరువాత ఊరు. కొత్త పంపు మీట ఖాదర్ భాయ్ కిందికి లాగాడు. అది తల్లి అని గాని చెల్లెలు అని గాని పిలిపించుకోకుండానే నడిచింది. బావిలో నీరు మెడదాకా లేచి, కాసేపు ఆలోచించి, దిగడం మొదలుపెట్టింది.

వెంకటరత్నం సారు పరుగున పల్లపు వీధికి వెళ్లాడు. వచ్చి, "పొడిగా ఉంది" అన్నాడు. ఆయన జుట్టులో ఇంకా ఒక మునగకాయ ముక్క ఉంది. చెప్పడానికి నాకు మనసు రాలేదు.

కొత్తగా చేరే పిల్లలకు చెప్పేది ఇంతే. పుస్తకంలో గీత అబద్ధం కాదు, కానీ మీ ఊరిని అడిగి గీసింది కాదు. జాలి దగ్గర నిలబడే మనిషిని అడగండి. ఆ మనిషి చెప్పింది కూడా పూర్తిగా నమ్మకండి, చారు పారబోసి మరిచిపోయే రకం కావచ్చు. ఇద్దరి మాటా పెట్టుకుని, తప్పితే విప్పడానికి సిద్ధంగా ఉండండి. ఆ రోజు మమ్మల్ని కాపాడింది సారు తిట్టకుండా "విప్పండి" అనడం. తిట్టి ఉంటే ఇంకో పది నిమిషాలు పోయేవి, ఆ పది నిమిషాలు మా దగ్గర లేవు.

మర్నాడు

మర్నాడు వీధి లేవకముందే లేచాను. చప్పుడు కాకుండా స్నానాల గదిలోకి వెళ్లి, బొక్క మీద నుంచి నా పచ్చడి రోలు పక్కకు దొర్లించడానికి చూశాను. అది కదల్లేదు. పెట్టేటప్పుడు భయంతో ఎత్తాను కాబట్టి సులువుగా వచ్చింది, ఇప్పుడు ఆ బలం లేదు. రెండోసారి వంగితే, కప్పు లేని ఆ గది పిట్టగోడ మీద మునెమ్మ తల కనిపించింది. రోలు వైపు చూసింది, కింద గోనెసంచి వైపు చూసింది, నా వైపు చూసింది.

"పట్టల్లనా అక్కా?" అంది.

"పట్టు" అన్నాను.

ఇద్దరం కలిసి నా రోలు వంటింట్లో పెట్టాం. తరువాత వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్ల రోలు ఎత్తాం. అది చూసి ఎదురింటివాళ్లు పిలిచారు. అట్లా వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్కో ఇంట్లో రోలు తీసి, సంచి పీకి, బొక్కలో చెంబెడు నీళ్లు పోసి, అవి గుడగుడమని పోవడం అందరం వంగి చూశాం. ఆ పూట నేను జాలి దగ్గరికి గంట ఆలస్యంగా వెళ్లాను.